టోక్యోలో ఒక సెమిస్టరు: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కొరాపుట్ చుట్టుపక్కల కాలేజీల్లో చదువుతూ, డిగ్రీ ఇక్కడే ఉంచుకుని ఒక్క సెమిస్టరు టోక్యోలో చదివి రావాలనుకునే పిల్లలకూ వాళ్ల అమ్మానాన్నలకూ ఈ జవాబులు. మన దగ్గర చదువు ఒడిశా బోర్డులో, చుట్టాలు ఆంధ్రాలో, కాగితాలు రెండు మూడు లిపుల్లో ఉంటాయి. చిక్కులు చాలావరకు అక్కడే పుడతాయి కాబట్టి వాటి గురించే ఎక్కువ రాశాం.

ఒక సెమిస్టరు వెళ్లడం అంటే అక్కడ అడ్మిషన్ తీసుకోవడమేనా?

కాదు. మీ పేరు ఇక్కడి యూనివర్సిటీ రిజిస్టరులోనే ఉంటుంది. రెండు యూనివర్సిటీల మధ్య ఒప్పందం ఉంటే ఫీజు ఇక్కడే కడతారు, అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు. అక్కడ మిమ్మల్ని డిగ్రీ లేని (అంటే అక్కడి డిగ్రీ కోసం చదవని) ప్రత్యేక విద్యార్థిగా నమోదు చేసుకుంటారు. ఈ హోదా గుర్తుంచుకోండి. రైలు పాసు దగ్గర్నుంచి పింఛను మినహాయింపు దాకా చాలా చోట్ల దీని ప్రస్తావన వస్తుంది.

మా కాలేజీకి టోక్యోలో ఏ యూనివర్సిటీతోనూ ఒప్పందం లేదు. అప్పుడెలా?

ముందు నిజంగా లేదా అన్నది తేల్చుకోండి. ఒప్పందాలు కొన్నిసార్లు యూనివర్సిటీ స్థాయిలో కాక ఒక్క డిపార్టుమెంటు పేరు మీద ఉంటాయి, పక్క డిపార్టుమెంటుకి కూడా తెలియదు. రిజిస్ట్రారు ఆఫీసులో, అంతర్జాతీయ సంబంధాల విభాగం ఉంటే అక్కడ, రెండుచోట్లా రాతపూర్వకంగా అడగండి. ఆ కాగితం గడువు తీరిపోయిందేమో కూడా చూడండి. సాధారణంగా అయిదేళ్లకోసారి పొడిగించాలి, ఎవరూ పట్టించుకోక అలా పడి ఉన్నవి చాలానే ఉంటాయి.

నిజంగా లేకపోతే సొంత ఖర్చుతో, ట్యూషన్ ఫీజు కట్టి చేరే దారి కొన్ని యూనివర్సిటీల్లో ఉంది. ఖర్చు బాగా పెరుగుతుంది. సకురా సైన్స్ కార్యక్రమాన్ని చాలామంది దీనితో కలిపేస్తారు. అది కొద్దిరోజుల సందర్శన మాత్రమే, సెమిస్టరు కాదు.

ఇంగ్లీషులో పాఠాలు చెప్పే యూనివర్సిటీలకు టోక్యోలో కొరత లేదు: టోక్యో యూనివర్సిటీ, వసెదా, సోఫియా, కెయో, మెయిజీ. ఇంజనీరింగ్ వాళ్లు పాత టోక్యో టెక్ కోసం వెతికితే దొరకదు. 2024 అక్టోబరు 1న అది వైద్య యూనివర్సిటీతో కలిసి 'ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ టోక్యో' అయింది.

ఏ సెమిస్టరుకి వెళ్తే నయం?

రెండు క్యాలెండర్లు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవు. టోక్యోలో వసంతకాలపు సెమిస్టరు ఏప్రిల్ మొదట్లో మొదలై జులై చివరికో ఆగస్టు మొదటికో ముగుస్తుంది. శరదృతువు సెమిస్టరు సెప్టెంబరు చివర మొదలై జనవరి చివరిదాకా, కొన్నిచోట్ల ఫిబ్రవరి మొదటిదాకా నడుస్తుంది. మన దగ్గర బేసి సెమిస్టరు జులై, ఆగస్టుల్లో మొదలై డిసెంబరులో పరీక్షలతో ముగుస్తుంది, సరి సెమిస్టరు జనవరి నుంచి మే, జూన్ దాకా.

ఏప్రిల్లో బయల్దేరితే ఇక్కడి సరి సెమిస్టరు మూడొంతులు చదివి, పరీక్షలు రాయకుండా విమానం ఎక్కినట్టు. అందుకని మా సలహా శరదృతువే. ఇక్కడి బేసి సెమిస్టరు బదులు అది లెక్కవుతుంది. ఫిబ్రవరి మొదట్లో తిరిగొచ్చేసరికి సరి సెమిస్టరులో నెల క్లాసులు మాత్రమే పోయి ఉంటాయి. ఆ నెల హాజరుకి ముందే మినహాయింపు రాయించుకోవాలి. లేకపోతే 75 శాతం నిబంధన పరీక్ష ఫారం నింపే రోజున అడ్డు వస్తుంది. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ తీసుకుంటున్నవాళ్లు హాజరు సంగతి జిల్లా సంక్షేమాధికారి ఆఫీసులో కూడా ముందే అడగాలి.

శరదృతువుకి వెళ్లాలంటే మీ యూనివర్సిటీ మీ పేరు పంపాల్సింది ఆ ఏడాది ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య. అంటే పాస్‌పోర్టు, మార్కుల జాబితాలు, ఇంగ్లీషు పరీక్ష స్కోరు జనవరికల్లా చేతిలో ఉండాలి. సంక్రాంతి తర్వాత చూద్దాంలే అనుకుంటే ఆ ఏడాదికి అవకాశం పోయినట్టే. చివరి సెమిస్టరులో మాత్రం వెళ్లకండి. అక్కడి మార్కులు ఆలస్యంగా వస్తాయి, డిగ్రీ పట్టా దానికోసం ఆగిపోతుంది.

క్రెడిట్లు ఎలా లెక్కపెడతారు? అక్కడ 14 వస్తే ఇక్కడ 14 ఇస్తారా?

ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే, అందుకే లెక్క విప్పి చెబుతున్నాం. మన దగ్గర ఒక థియరీ క్రెడిటు అంటే వారానికి గంట చొప్పున 15 వారాల పాఠం. జపాన్‌లో ఒక క్రెడిటు అంటే 45 గంటల చదువు, అందులో ఇంటిదగ్గర చదివేది కూడా కలిసి ఉంటుంది. వారానికి ఒక 90 నిమిషాల క్లాసు 15 వారాలు నడిస్తే అక్కడ 2 క్రెడిట్లు ఇస్తారు. అదే పాఠాన్ని మన గంటల్లో కొలిస్తే 22.5 గంటలు, అంటే ఒకటిన్నర క్రెడిటు. క్లాసు నిడివి కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. వసెదాలో 100 నిమిషాల చొప్పున 14 వారాలు, టోక్యో యూనివర్సిటీలో 105 నిమిషాల చొప్పున 13 వారాలు.

మీ హోదా ఉన్నవాళ్లు విద్యార్థి వీసా నిలుపుకోవాలంటే వారానికి కనీసం 10 గంటల క్లాసులు ఉండాలి. 90 నిమిషాలవైతే ఏడు. ఆ ఏడింటికి అక్కడ 14 క్రెడిట్లు. ఇక్కడి పరీక్షల కంట్రోలరు గంటల లెక్క వేస్తే 10.5 మాత్రమే అవుతుంది. మన సెమిస్టరుకి 20 దాకా కావాలి. మిగతా తొమ్మిదిన్నర ఎక్కణ్ణుంచి వస్తాయి?

మూడు దార్లున్నాయి. మీ బోర్డ్ ఆఫ్ స్టడీస్ (సిలబస్ తేల్చే కమిటీ) క్రెడిటుకి క్రెడిటు ఒప్పుకోవడం ఒకటి. ప్రాజెక్టుకో ఇంటర్న్‌షిప్‌కో కొన్ని క్రెడిట్లు కేటాయించడం రెండోది. మిగిలిన పేపర్లను తిరిగొచ్చాక బ్యాక్ పేపర్లుగా కాకుండా 'వాయిదా' పేపర్లుగా రాయనివ్వడం మూడోది. బ్యాక్ అని పడితే మార్కుల జాబితాలో ఆ మచ్చ ఉండిపోతుంది. స్వయం ఆన్‌లైన్ కోర్సులతో నింపుకుందాం అని కొందరు అనుకుంటారు. సెమిస్టరులో 40 శాతం దాకా వాటితో తెచ్చుకోవడానికి యూజీసీ 2021 నిబంధనల్లో వీలుంది గాని, చివరి పరీక్ష మన దేశంలోని కేంద్రంలో కూర్చుని రాయాలి. టోక్యోలో ఉన్నవాళ్లకి ఆ తేదీ దాటిపోతుంది.

ఏ దారయినా నోటిమాట చాలదు. ఇక్కడి పేపరు కోడు, దానికి బదులుగా అక్కడి పేపరు పేరు, గంటలు, క్రెడిట్లు, గ్రేడు మార్పిడి పట్టిక ఒకే కాగితం మీద రాసి, హెచ్‌ఓడీ, పరీక్షల కంట్రోలరు ఇద్దరి సంతకాలూ ముద్రలూ వేయించండి. పక్కన రెండు మూడు ప్రత్యామ్నాయ పేపర్లు కూడా రాయించండి. అక్కడికి వెళ్లాక అనుకున్న క్లాసు నిండిపోవడమో, రెండు క్లాసులు ఒకే గంటలో పడడమో మామూలే. ఇక్కడ హెచ్‌ఓడీ మారిపోయినా ఆ కాగితం నిలబడుతుంది, మాట నిలబడదు.

పదో తరగతి సర్టిఫికెట్లో నా పేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంది. పరవాలేదా?

పరవా ఉంది. ఒడియాలో 'వ' తరచుగా 'బ' అవుతుంది కాబట్టి మన ఇళ్లలో వెంకటరావు బడి రిజిస్టరులో బెంకట రావ్ అవుతాడు, సత్యవతి సత్యబతి అవుతుంది. ఆ స్పెల్లింగే హెచ్‌ఎస్‌సీ సర్టిఫికెట్లోకి, అక్కణ్ణుంచి యూనివర్సిటీ రిజిస్ట్రేషనులోకి పాకుతుంది. ఆధార్ తీసినవాడు ఇంట్లో పలికినట్టు రాస్తాడు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒక్క పొడి అక్షరం. తండ్రి పేరుకీ ఇదే గతి.

పాస్‌పోర్టుని పదో తరగతి సర్టిఫికెట్‌తో సరిపెట్టి, ఆధార్‌ని దానికి తగ్గట్టు దిద్దించుకోవడం దగ్గరిదారి. కటక్ బోర్డులో సర్టిఫికెట్ దిద్దించాలంటే నెలలు పడుతుంది. ఆధార్‌లో పేరు మార్పు జీవితంలో రెండుసార్లే ఒప్పుకుంటారు, కాబట్టి ఏ స్పెల్లింగు ఖాయమో తేల్చుకున్నాకే వెళ్లండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదలకండి, పొడి అక్షరంతో నింపకండి. పూర్తి ఇంటిపేరు రాయండి. ఆ గడి ఖాళీగా ఉంటే టోక్యో యూనివర్సిటీల ఆన్‌లైన్ దరఖాస్తులు చాలా ముందుకి కదలవు.

అక్కడ మీ పేరు, విదేశీ పేర్లు రాసే కతకాన అనే జపనీస్ లిపిలోకి మారుతుంది. జపనీయుల నోట కూడా 'వ' చాలాసార్లు 'బ' అవుతుంది, 'ల' 'ర' అవుతుంది. బెంకట అని పిలిపించుకోవడం మన పిల్లలకి కొత్తేమీ కాదు. పని కుదిరే సూత్రం ఒక్కటే: మొదటిరోజు యూనివర్సిటీ రాసిచ్చిన కతకాన పేరునే బ్యాంకులో, వార్డు ఆఫీసులో (మన మునిసిపల్ ఆఫీసు లాంటిది), ఫోను దుకాణంలో అక్షరం తేడా లేకుండా రాయండి. బ్యాంకు ఖాతాలో ఒక్క దీర్ఘం తేడా వచ్చినా స్కాలర్‌షిప్ డబ్బు వెనక్కి పోతుంది.

పాస్‌పోర్టుకి భువనేశ్వర్ వెళ్లాలా, విశాఖ వెళ్లాలా?

ఏదైనా పరవాలేదు. దేశంలో ఎక్కడి కార్యాలయంలోనైనా దరఖాస్తు చేసుకోవచ్చు. గుణుపురం, రాయగడ, కొరాపుట్ వాళ్లకి విశాఖే చేరువ. పోలీసు విచారణ మాత్రం చిరునామా ఉన్న ఒడిశా ఠాణా నుంచే వస్తుంది. 36 పేజీల పుస్తకానికి మామూలు రుసుము 1,500 రూపాయలు, తత్కాల్‌కి మరో 2,000. హాస్టల్లో ఉంటూ సొంతూరి చిరునామా ఇచ్చినవాళ్లు విచారణ రోజున ఊళ్లో లేకపోతే ఫైలు మొదటికొస్తుంది.

సీఓఈ అంటే ఏమిటి? దానికి ఏమేం కావాలి?

సర్టిఫికెట్ ఆఫ్ ఎలిజిబిలిటీ, అంటే జపాన్ ఇమ్మిగ్రేషన్ శాఖ ఇచ్చే అర్హత పత్రం. దీనికి మీరు కాదు, మీ తరఫున టోక్యో యూనివర్సిటీ దరఖాస్తు చేస్తుంది. ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. ఇచ్చిన రోజు నుంచి మూడు నెలలే చెల్లుతుంది, ఆలోగా జపాన్‌లో దిగాలి. ఇప్పుడు ఈమెయిల్లో కూడా పంపుతున్నారు. ఫోటో 4 సెంటీమీటర్లు పొడవు, 3 వెడల్పు. మన స్టూడియోల్లో అలవాటుగా తీసే కొలత వేరు, చెప్పి తీయించండి.

ఎక్కువ ప్రశ్నలు వచ్చేది డబ్బు చూపించే దగ్గర. బ్యాంకు నిల్వ పత్రం ఇచ్చే వారం ముందు ఖాతాలో ఒక్కసారిగా నాలుగు లక్షలు పడితే, అది ఎక్కణ్ణుంచి వచ్చిందని అడుగుతారు. ఆరు నెలల లావాదేవీలు సహజంగా కనిపించాలి. భూమి అమ్మినా, చీటీ పాడినా దాని కాగితం జత చేయండి. తాసీల్దారు ఇచ్చే ఆదాయ పత్రం, పట్టా ఒడియాలో ఉంటాయి. వాటికి నోటరీ చేసిన ఇంగ్లీషు అనువాదం కావాలి.

ఖర్చు భరించేది నాన్న కాకుండా ఇచ్ఛాపురంలోనో సోంపేటలోనో ఉన్న మావయ్య అయితే ఇంకో మెట్టు ఉంది. ఆయన మీకేమవుతారో రుజువు చేయాలి. అమ్మ పుట్టింటి పేరు ఉన్న కాగితం ఒకటి, మావయ్య తండ్రి పేరు ఉన్న కాగితం ఒకటి, నాన్న ఎందుకు భరించడం లేదో నాలుగు వాక్యాల లేఖ ఒకటి. ఒకరి కాగితాలు ఒడియాలో, ఒకరివి తెలుగులో ఉంటాయి కాబట్టి రెండు అనువాదాల్లోనూ తాతగారి పేరు ఒకే స్పెల్లింగులో ఉందో లేదో మీరే కూర్చుని సరిచూడండి. అనువాదకుడు చూడడు.

వీసాకి చెన్నై వెళ్లాలా, కలకత్తా వెళ్లాలా?

నివాసం ఒడిశాలో అయితే మీ దరఖాస్తు కోల్‌కతాలోని జపాన్ కాన్సులేటు పరిధిలోకి వస్తుంది. ఆంధ్రా వాళ్లది చెన్నై. ఇచ్ఛాపురం స్నేహితుడితో కలిసి చెన్నై వెళ్దామంటే కుదరదు, మధ్యలో బాహుదా నది దగ్గర గీత ఉంది. సీఓఈ ఉంటే వీసా అయిదు పని దినాల్లో రావచ్చు గాని రెండు మూడు వారాలు చేతిలో ఉంచుకోండి. దసరాకి కోల్‌కతాలో ఆఫీసులన్నీ నెమ్మదిస్తాయి, దరఖాస్తు ఆగస్టులోనే పడాలి.

నెలకి ఎంత ఖర్చవుతుంది?

యూనివర్సిటీ హాస్టలు గది 40 నుంచి 70 వేల యెన్లు. వండుకుని తింటే తిండికి 25 నుంచి 35 వేలు. కరెంటు, నీరు, గ్యాసు అద్దెలో కలవకపోతే 5 నుంచి 10 వేలు. రైలుకి 5 నుంచి 10 వేలు, ఫోనుకి 2, 3 వేలు, ఆరోగ్య బీమాకి ఇంకొంచెం. మొత్తం మీద నెలకి లక్ష యెన్లు పొదుపుగా, లక్షా ముప్పై వేలు కాస్త వెసులుబాటుగా. ఈమధ్య 100 యెన్లు 55 నుంచి 60 రూపాయల మధ్య ఆడుతోంది కాబట్టి 55 వేల నుంచి 78 వేల రూపాయలు అనుకోండి. మొదటినెల పరుపు, దుప్పట్లు, వంటపాత్రలు, గది డిపాజిట్ కలిపి మరో 60 వేల యెన్లయినా అవుతుంది. విమానం వేరు.

స్కాలర్‌షిప్ వస్తుందా?

జపాన్ ప్రభుత్వ సంస్థ జాస్సో మార్పిడి (ఎక్స్ఛేంజ్) విద్యార్థులకి నెలకి 80 వేల యెన్లు ఇస్తుంది. మీరు నేరుగా దరఖాస్తు చేయలేరు. టోక్యో యూనివర్సిటీ తనకొచ్చిన కోటాలోంచి ఎంపిక చేస్తుంది. మార్కుల సగటు జాస్సో సొంత లెక్కలో 3కి 2.30 ఉండాలి. మొదటి చెల్లింపు మీరు దిగాక నెల, నెలన్నరకి రావచ్చు. అందుకే స్కాలర్‌షిప్ ఖాయమైనా రెండు నెలల ఖర్చు చేత్తో పట్టుకెళ్లాలి.

ఆ డబ్బు ఎలా పట్టుకెళ్లాలి?

నోట్ల రూపంలో ప్రయాణానికి 3,000 డాలర్ల విలువ దాటకూడదు. 60, 70 వేల యెన్ల నోట్లు, మిగతాది ఫారెక్స్ కార్డులో. బరంపురం బ్యాంకు శాఖల్లో యెన్ నోట్లు అడిగిన రోజున ఉండవు. పది రోజుల ముందు చెప్పాలి, లేదా భువనేశ్వర్‌లోనో విశాఖలోనో తీసుకోవాలి. నాన్న ఖాతానుంచి పంపినా ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల లోపయితే టీసీఎస్ (విదేశాలకి డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ముందే పట్టుకునే పన్ను) పడదు. పాన్ కార్డు తప్పనిసరి.

బయల్దేరే ముందు మన సిమ్ముకి అంతర్జాతీయ రోమింగ్ తెరిపించి, ఆరు నెలలకి సరిపడా చెల్లుబాటు వేయించండి. బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి. మధ్యలో చెల్లుబాటు అయిపోయి నంబరు పోతే, ఇక్కడి ఖాతా మొత్తం చేజారుతుంది.

పెట్టెలో ఏం పెట్టుకోవాలి, ఏం పెట్టుకోకూడదు?

అమ్మలు సర్దేటప్పుడు ఇది చదివి వినిపించండి. మాంసం పచ్చళ్లు, కోడిగుడ్డు సరుకు వద్దు. పచ్చి కరివేపాకు, పచ్చి పండ్లు, కూరగాయలు, విత్తనాలు వద్దు. బియ్యం, ముడి పప్పులు కూడా మొక్కల ఆరోగ్య పత్రం లేకుండా తీసుకెళ్లకూడదు. ఆవకాయ, మాగాయ, వేయించి దంచిన కారప్పొడులు, చింతపండు పులిహోర పేస్టు ఫరవాలేదు, సీలు వేసి పైన ఇంగ్లీషులో పేరు అంటించండి. సొంతానికి నెయ్యి లాంటి పాల సరుకు 10 కిలోల లోపు తీసుకెళ్లొచ్చు. పప్పులు, బాస్మతి, మసాలాలు టోక్యోలోని షిన్-ఓకుబో దుకాణాల్లోనూ, మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషి-కసాయ్‌లోనూ దొరుకుతాయి.

మిక్సీ తీసుకెళ్లకండి. అక్కడి కరెంటు 100 వోల్టులు, మన మిక్సీ 230కి చేసింది. అది తిరుగుతుందేగాని పచ్చడి నలగదు. ఫోను, ల్యాప్‌టాప్ చార్జర్లు రెంటికీ పనికొస్తాయి, రెండు బల్లపరుపు కాళ్ల ప్లగ్గు ఒకటి కొనుక్కుంటే చాలు. హాస్టళ్లలో ఇండక్షన్ పొయ్యిలే ఎక్కువ కాబట్టి అల్యూమినియం కుక్కరు వేడెక్కదు. ఇండక్షన్ అడుగున్న స్టీలు కుక్కరు తీసుకెళ్లండి.

మందుల విషయంలో పొరపాటు చేయకండి. డాక్టరు రాసిన మాత్రలు ఒక నెలకి సరిపడా అనుమతి లేకుండా తీసుకెళ్లొచ్చు. ఇన్సులిన్ లాంటి ఇంజెక్షన్లకీ నెలే. అంతకు మించితే ముందుగా ఆన్‌లైన్లో దిగుమతి అనుమతి తెచ్చుకోవాలి. దగ్గు సిరపుల్లో ఉండే కొడీన్, జలుబు మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ కొంత మోతాదు దాటితే అక్కడ నేరం. సీసా మీద ఆ పేరు కనిపిస్తే ఇంట్లో వదిలేయండి.

దిగిన తర్వాత మొదటి రెండు వారాల్లో ఏం చేయాలి?

నరితా, హనెదా విమానాశ్రయాల్లోనే నివాస కార్డు చేతికిస్తారు. పార్ట్‌టైం పని చేసే ఉద్దేశం ఉంటే అనుమతి దరఖాస్తు అక్కడే ఇచ్చేయండి, తర్వాత ఇమ్మిగ్రేషన్ ఆఫీసు క్యూ తప్పుతుంది. గదిలో చేరిన 14 రోజుల్లో వార్డు ఆఫీసులో చిరునామా నమోదు చేయాలి. ఆ రోజే జాతీయ ఆరోగ్య బీమాలో చేరాలి. మూడు నెలలు దాటి ఉండేవారందరికీ అది తప్పనిసరి. నిరుడు జపాన్‌లో ఆదాయం లేదని రాసిస్తే ప్రీమియం బాగా తగ్గుతుంది. ఆసుపత్రిలో బిల్లులో 30 శాతమే మీరు కడతారు.

20 ఏళ్లు నిండినవాళ్లకి జాతీయ పింఛను చందా కాగితం ఇంటికొస్తుంది, నెలకి 17 వేల యెన్లు దాటుతుంది. కంగారుపడి కట్టకండి, చించి పారేయకండి. అదే వార్డు ఆఫీసులో మినహాయింపు దరఖాస్తు ఇవ్వండి. డిగ్రీ విద్యార్థుల కోసం ఉన్న ఫారం మీకు వర్తించకపోవచ్చు, ఆదాయం లేనివారి సాధారణ మినహాయింపు అడగండి.

బ్యాంకు ఖాతా కొంచెం కష్టం. ఆరు నెలలు నిండనివారిని బ్యాంకులు నాన్-రెసిడెంట్‌గా చూస్తాయి, చాలావి ఖాతా తెరవవు. పోస్టాఫీసు బ్యాంకు తెరుస్తుంది, విదేశీ బదిలీలకి ఆంక్షలుంటాయి. రైలు పాసులో విద్యార్థి తగ్గింపు డిగ్రీ లేని హోదా వాళ్లకి చాలాచోట్ల రాదు. హాస్టలు ఎంచుకునేటప్పుడే రైలు ఖర్చు కలిపి చూసుకోండి.

జపనీస్ రాదు. బతకగలమా?

క్లాసులు ఇంగ్లీషులో, ఆఫీసులు జపనీస్‌లో. హిరగాన, కతకాన అనే జపనీస్ లిపుల్లో 46 చొప్పున అక్షరాలు. తెలుగు, ఒడియా, హిందీ, ఇంగ్లీషు నాలుగు లిపులు చదివే మన పిల్లలకి రెండు వారాల పని. ఇంకో మేలు ఉంది. జపనీస్‌లో క్రియ తెలుగులోలాగే వాక్యం చివర వస్తుంది, 'లో', 'కి', 'నుంచి' లాంటి ముక్కలు మాట వెనకే అతుక్కుంటాయి, మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ఇంగ్లీషులోంచి అనువదించుకోకండి, తెలుగులోంచి నేరుగా కట్టండి. 'గోహన్ ఒ తబేమస్' అంటే 'అన్నం తింటాను', అదే వరసలో.

శాకాహారులకి తిండి దొరుకుతుందా?

దొరుకుతుంది, కాని కంటికి కనిపించని చేప ఉంటుంది. మిసో సూపు, నూడిల్సు, ఉడికించిన కూరలు చాలావాటిలో దషి అనే చేప రసం పోస్తారు. "మాంసం లేదు" అని వాళ్లు చెప్పేది నిజమే, చేపని వాళ్లు మాంసం కింద లెక్కపెట్టరు. "దషి మో దమె దెస్" అంటే దషి కూడా పనికిరాదు అని. పొట్లాల మీద నికు అంటే మాంసం, బుతా పంది, గ్యూ ఆవు, తమాగో గుడ్డు. వాటి కంజీ (చైనా నుంచి వచ్చిన బొమ్మల్లాంటి అక్షరాలు) రూపాలు ఫోన్లో బొమ్మగా పెట్టుకోండి. అక్కడి బియ్యం గుండ్రంగా, జిగురుగా ఉంటుంది. పులిహోరకి సరిపోదు, చద్దన్నానికీ పఖాళకీ ఇబ్బంది లేదు.

పార్ట్‌టైం పనితో ఖర్చు గడుస్తుందా?

అనుమతి వారానికి 28 గంటలు. టోక్యోలో కనీస వేతనం 2025 అక్టోబరు నుంచి గంటకి 1,226 యెన్లు. లెక్క చూస్తే నోరూరుతుంది గాని, భాష రాకుండా పని దొరకడానికే రెండు నెలలు పడుతుంది. వెంటనే ఏడు పేపర్ల హోంవర్కు మీద పడుతుంది. దీని మీద ఆధారపడి బయల్దేరవద్దు.

భూకంపాలంటే భయం. ఏం చేయాలి?

ఫైలిన్, తిత్లీ చూసిన జిల్లాలు మనవి. తుపానుకి రెండు రోజుల ముందే కబురుంటుంది, భూకంపానికి కొన్ని సెకన్లే. ఫోన్లు ఒక్కసారిగా మోగితే బల్ల కిందికి దూరి తల కాచుకోండి. బయటికి పరుగెత్తకండి, పైనుంచి అద్దాలు, పెంకులు పడతాయి. ఊగడం ఆగాక తలుపు తెరిచి ఉంచండి. మంచం పక్కన చెప్పులు, టార్చిలైటు, రెండు లీటర్ల నీళ్లు. హాస్టలుకి దగ్గరి ఆశ్రయ స్థలం మొదటివారమే నడిచి చూసి రండి.

ఆడపిల్లని ఒంటరిగా పంపొచ్చా?

పంపొచ్చు. రద్దీ వేళల్లో చాలా రైలు లైన్లలో ఆడవాళ్లకి వేరే పెట్టె ఉంటుంది. వీధి మలుపుల్లో కోబన్ అనే చిన్న పోలీసు గదులుంటాయి. పోలీసుకి 110, అంబులెన్సుకి 119. ఆఖరి రైళ్లు అర్ధరాత్రి ప్రాంతంలో ఆగిపోతాయి, ఆ వేళకి ముందే గది చేరాలి. టోక్యో మనకంటే మూడున్నర గంటలు ముందు. ఇక్కడ రాత్రి తొమ్మిదికి ఫోను చేస్తే అక్కడ పన్నెండున్నర. సాయంత్రం అయిదు, ఆరు మధ్య మాట్లాడుకోండి, పిల్లకి నిద్ర ఉంటుంది.

మధ్యలో ఇంటికి రావాల్సి వస్తే?

పెళ్లికో, ఇంట్లో ఎవరైనా పోయారనో హఠాత్తుగా బయల్దేరినా, విమానాశ్రయంలో ఇచ్చే కార్డులో తిరిగి వస్తాననే గడిలో టిక్కు పెట్టాలి. దాన్ని ప్రత్యేక పునఃప్రవేశం అంటారు. అది మరిచిపోతే నివాస హోదా అక్కడితో రద్దు, మళ్లీ సీఓఈ నుంచి మొదలు. నివాస కార్డు కూడా వెంట ఉండాలి. కంగారులో ఉన్నవాళ్లే దీన్ని మరిచిపోతారు, కాబట్టి ఇప్పుడే ఫోన్లో రాసిపెట్టుకోండి.

తిరిగొచ్చేముందు ఏమేం ముగించాలి?

వార్డు ఆఫీసులో వెళ్లిపోతున్నట్టు నమోదు, బీమా రద్దు, బాకీ ఉంటే చెల్లింపు, బ్యాంకు ఖాతా మూత. ఖాతా పుస్తకాన్ని, కార్డుని ఎవరికైనా అమ్మినా ఇచ్చినా నేరం, ఎంత మంచి స్నేహితుడు అడిగినా వద్దు. ఫోను ఒప్పందం రద్దు చేయకపోతే బిల్లు మీ పేరున పెరుగుతూనే ఉంటుంది. నివాస కార్డుకి విమానాశ్రయంలో చిల్లు పొడిచి ఇస్తారు.

అక్కడి మార్కుల జాబితా మీతోపాటు రాదు. శరదృతువు గ్రేడులు చాలావరకు మార్చిలో వెలువడతాయి. అప్పటికి ఇక్కడ బేసి సెమిస్టరు ఫలితాలు వచ్చేసి, మీ పేరు ఎదురుగా 'నిలిపివేత' అని ఉంటుంది. అందుకని బయల్దేరే వారంలోనే టోక్యో ఆఫీసులో రెండు సీలు కవర్ల ట్రాన్‌స్క్రిప్టుకి దరఖాస్తు చేయండి. ఒకటి నేరుగా మీ పరీక్షల కంట్రోలరుకి, రెండోది మీ ఇంటికి. చిరునామాలో పిన్‌కోడు, ఫోను నంబరు, జిల్లా పేరు ఇంగ్లీషులో అచ్చక్షరాలతో రాయించండి. ట్రాన్‌స్క్రిప్టు మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు వస్తుంది. అది యూనివర్సిటీ రిజిస్టరులో ఉన్న పేరుతో అక్షరం అక్షరం కలిస్తేనే గుమాస్తా ఆ క్రెడిట్లు ఎక్కిస్తాడు.